సూర్యుడి అయస్కాంతాన్ని స్కేలు పెట్టి చదవడం ఎలా?

డైనమో సిద్ధాంతం (కదిలే విద్యుద్వాహకం అయస్కాంత క్షేత్రాన్ని ఎలా పుట్టించి నిలుపుతుందో చెప్పేది) అనగానే మా బీఎస్సీ పిల్లలు సమీకరణాలు గుర్తొచ్చి జడుసుకుంటారు. అందుకే నేను బోర్డు జోలికి పోకుండా ముందు బొమ్మలు దించుకోమంటాను. మీరూ అలాగే మొదలుపెట్టండి.

నాసా వాళ్ల ఎస్‌డీఓ ఉపగ్రహం 2010 నుంచి సూర్యుణ్ణి ఫోటోలు తీస్తోంది. దాని వెబ్‌సైట్‌లో తేదీ ఇచ్చి ‘హెచ్‌ఎంఐ మాగ్నెటోగ్రామ్’, అంటే సూర్యుడి ఉపరితలం మీది అయస్కాంత క్షేత్రపు పటం, తీసుకోండి, ఉచితమే. బూడిదరంగు వృత్తం మీద తెలుపు, నలుపు మరకలు జంటలుగా ఉంటాయి. తెలుపు దగ్గర అయస్కాంత క్షేత్రం బయటికి వస్తోంది, నలుపు దగ్గర లోపలికి పోతోంది. పైన ఉత్తరం. సూర్యుడు ఎడమ నుంచి కుడికి తిరుగుతాడు కాబట్టి జంటలో కుడివైపుది ముందు నడిచేది.

2014లో ఒక తేదీ, 2024లో ఒక తేదీ ఎంచుకోండి. 2024 మే 10 మాత్రం మొదటే వద్దు. ఆనాటి సౌర తుఫాను తెచ్చిన సూర్యమచ్చల గుంపులో రెండు రంగులూ కలగాపులగం, కొత్తవాళ్లకు తలనొప్పి. మామూలు రోజు చూస్తే, 2024లో ఉత్తరార్ధంలో చాలా జంటలకు కుడివైపు తెలుపు, దక్షిణార్ధంలో కుడివైపు నలుపు. 2014కి వెళ్తే అంతా తారుమారు. సూర్యుడి ఉపరితలం మీద మరిగే ఒక్కో బుడగ వెడల్పు దాదాపు వెయ్యి కిలోమీటర్లు, ఆయుష్షు పది నిమిషాల లెక్క. అంత గందరగోళంలో ఒక అర్ధగోళమంతా పదకొండేళ్లు ఒకే మాట మీద ఎలా ఉంటోంది?

సగం జవాబు తేలిక. మధ్యరేఖ దగ్గర సూర్యుడు సుమారు 25 రోజుల్లో ఒక చుట్టు తిరుగుతాడు, ధ్రువాల వైపు నెల దాటుతుంది. సూర్యుడిలోని ప్లాస్మా (విద్యుదావేశాలతో నిండిన వేడి వాయువు) విద్యుద్వాహకం కాబట్టి అయస్కాంత బలరేఖలు దాన్ని అంటిపెట్టుకుని, ఉత్తర-దక్షిణంగా ఉన్నవి సాగి తూర్పు-పడమరలుగా చుట్టుకుంటాయి. ఆ చుట్టలోంచి ఒక వంపు పైకి తేలితే మీకు కనిపించే జంట అదే.

మరి ఉత్తర-దక్షిణ రేఖల్ని మళ్లీ ఎవరు పుట్టిస్తారు? అక్షం చుట్టూ పూర్తి సౌష్ఠవం ఉన్న క్షేత్రం తనను తాను నిలుపుకోలేదని 1934లో బ్రిటిష్ శాస్త్రవేత్త కౌలింగ్ తేల్చేశాడు. దారి చూపింది 1955లో అమెరికా శాస్త్రవేత్త పార్కర్: పైకి లేచే ప్లాస్మాను సూర్యభ్రమణం మెలిపెడుతుంది, బంగాళాఖాతంలో వాయుగుండాన్ని సుడి తిప్పినట్టే. ఏ సుడి గోల దానిదే అయినా, ఒక అర్ధగోళంలో మొగ్గు మాత్రం ఒకవైపే.

ఆ మొగ్గును మీరే కొలవొచ్చు. జంటలోని రెండు మరకల నడిబొడ్డులను కలుపుతూ గీత గీయండి. ముందు నడిచేది మధ్యరేఖకు కాస్త దగ్గరగా ఉండాలి. ఒక్క జంటను నమ్మొద్దు, ఎదురు వాలినవీ ఉంటాయి. వాలు కొద్ది డిగ్రీలే, కల్లోలం అంతకంటే ఎక్కువే ఊపుతుంది. నెలకొక బొమ్మ చొప్పున పోగేసి, ఉత్తరానికీ దక్షిణానికీ విడివిడిగా సగటు తీయండి. ఉత్తర-దక్షిణ రేఖల్ని పుట్టించే అసలు పని లోతున సుడులదా, పైన ఈ వాలుదా అన్న వాదన ఇంకా తెగలేదు. నా మొగ్గు వాలు వైపే, స్కేలుకు అందేది అదే మరి!

ఇక ధ్రువాలు. మచ్చలు చెదిరాక వెనక నడిచే రంగులో కొంత మెల్లగా ధ్రువానికి చేరుతుంది. 2019లో ఉత్తర ధ్రువం తెలుపు. ఈ పదకొండేళ్ల చక్రంలో అక్కడికి వెళ్లేది నలుపు, కాబట్టి పాతదాన్ని చెరిపేసి దిశ మార్చేస్తుంది. తర్వాతి చుట్టలు ఈ కొత్త రేఖలతోనే. ధ్రువాలు అంచున మసగ్గా కనిపిస్తాయి గనుక ఉత్తరానికి సెప్టెంబరు, దక్షిణానికి మార్చి బొమ్మలు వాడండి. అప్పుడు ఆ ధ్రువం మనవైపు ఏడు డిగ్రీలు వాలి ఉంటుంది.