కాన్పయ్యాక, ఆపరేషన్ అయ్యాక కాళ్లలో రక్తం గడ్డ కట్టకుండా ఏం చూసుకోవాలి

మా వదినకి కావలిలో సిజేరియన్ అయింది మే నెలలో. అంత ఎండల్లో కూడా మా పెద్దమ్మ, బాలింత నీళ్లు తాగితే పొట్ట పెరుగుతుందని రోజుకి రెండు గ్లాసులు మించి ఇవ్వనివ్వలేదు, మంచం దిగనివ్వలేదు. ప్రేమతోనే చేసింది, కానీ ఆ రెండూ మానేయాల్సిన పనులే.

రక్తం గడ్డ కట్టడం ఒక పని అయితే, ఆ గడ్డని మెల్లగా కరిగించడం ఒంట్లో జరిగే ఇంకో పని. కరిగించేది ప్లాస్మిన్. పెద్ద ఆపరేషన్ అయిన కొన్ని గంటల్లో పీఏఐ-1 అనే ప్రొటీన్ పెరిగి ఆ ప్లాస్మిన్ తయారవకుండా అడ్డుపడుతుంది. కడుపుతో ఉన్నప్పుడు మాయ నుంచి, అలాగే అడ్డుపడే పీఏఐ-2 కూడా వస్తుంది. మాయ పడ్డాక కరిగించే పని త్వరగానే తేరుకుంటుంది గానీ, గడ్డ కట్టించే పదార్థాలు మామూలు స్థాయికి దిగడానికి వారాలు పడుతుంది, అందుకే 6 వారాల దాకా జాగ్రత్త. పురిటి స్నానం అయిపోయింది కదా అని వదిలేయకండి.

డాక్టర్ సరే అనగానే లేపి నడిపించండి. లేవలేకపోతే పడుకునే పాదాలు పైకీ కిందకీ ఆడించమనండి. దాహమైనప్పుడల్లా నీళ్లు ఇవ్వండి.

ఐదో రోజు వదినకి ఎడమ పిక్క నొప్పి. పెద్దమ్మ నూనె గిన్నె తెచ్చేసింది, నేను ఆపాను. వాచిన పిక్కని రుద్దకూడదు, గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. బట్టలు కుట్టే టేపు తీసుకుని, మోకాలి చిప్ప కింద తగిలే ఎముక బొడిపె నుంచి 10 సెంటీమీటర్లు కిందకి గుర్తు పెట్టి, రెండు కాళ్ల చుట్టుకొలత చూడండి. తేడా 3 సెంటీమీటర్లు దాటితే అనుమానించాల్సిందే. వదినకి 4 వచ్చింది, నెల్లూరు తీసుకెళ్లి, నరాల్లో రక్తం ఎలా పారుతోందో చూపించే డాప్లర్ స్కాన్ చేయిస్తే గడ్డ కనిపించింది. తేడా తక్కువున్నా ఒక్క కాలే నొప్పిగా, వేడిగా, ఎర్రగా ఉంటే చూపించండి. గడ్డ కరిగినప్పుడు వచ్చే ముక్కల్ని రక్తంలో చూసే డీ-డైమర్ పరీక్ష కాన్పు తర్వాత ఎలాగూ ఎక్కువే చూపిస్తుంది కాబట్టి స్కానే అడగండి.

రక్తం గడ్డ కట్టకుండా ఆపే హెపారిన్ రకం ఇంజెక్షన్లు రాస్తే, పాలిస్తున్నామని భయపడి మానేయకండి, బిడ్డకి ఇబ్బంది లేదు. పొడిచిన చోట రుద్దితే కమిలిపోతుంది, రుద్దకండి.

ఇక రక్తస్రావం. గంటలోపే ప్యాడ్ పూర్తిగా తడిసిపోతుంటే వెంటనే ఆసుపత్రికి పరుగెత్తండి. గడ్డ మరీ త్వరగా కరిగిపోకుండా ఆపే ట్రానెక్సామిక్ యాసిడ్ ఇంజెక్షన్ కాన్పయిన 3 గంటల్లోపు ఇస్తేనే ప్రాణం కాపాడుతుందని 2017లో 20 వేల మంది తల్లులపై జరిపిన అధ్యయనంలో తేలింది. ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీ నొప్పి వచ్చినా 108కి చేయండి, కాన్పయి ఎన్ని రోజులైందో మొదటే చెప్పండి.