జర్మనీలో కొత్త కాపురం: ముందు పోస్టు డబ్బా మీద పేరు అంటించండి

జర్మనీకి కొత్తగా వచ్చేవాళ్లు ఎక్కువగా అడిగేది చలికోటు గురించి, బియ్యం గురించి. ఆ రెండింటికీ టెన్షన్ పడక్కర్లేదు, కోటు ఇక్కడే కొనుక్కోవచ్చు, సోనామసూరి పెద్ద ఊళ్లలో ఇండియన్ షాపుల్లో దొరుకుతుంది. ఇంటి తాళాలు చేతికొచ్చిన రోజే చెయ్యాల్సిన పని వేరే ఉంది. కింద గుమ్మం దగ్గర వరసగా ఉండే పోస్టు డబ్బాల్లో మీది ఏదో కనుక్కుని దాని మీద మీ పేరు అంటించండి, కాలింగ్ బెల్ పక్కన కూడా.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, ఇక్కడ చాలా అపార్ట్‌మెంట్లకి ఫ్లాట్ నంబర్లు ఉండవు. అడ్రసులో మనిషి పేరు, వీధి, బిల్డింగ్ నంబరు, పిన్‌కోడ్, ఊరు, అంతే. అడగడానికి వాచ్‌మన్ ఉండడు. పోస్టతను డబ్బా మీద పేరు చూసి వేస్తాడు, పేరు కనబడకపోతే వెనక్కి పంపేస్తాడు. నా మొదటి బ్యాంకు కార్డు అలాగే వెనక్కి వెళ్లింది, మళ్లీ రావడానికి మూడు వారాలు పట్టింది, అన్నాళ్లూ ఫ్రెండు దగ్గర చేబదులు తీసుకుని గడిపాను. కార్డు ఒక కవర్లో, దాని పిన్ ఇంకో కవర్లో, ఇన్సూరెన్స్ కార్డు, ట్యాక్స్ నంబరు, ఇలా ముఖ్యమైనవి ఇప్పటికీ పోస్టులోనే వస్తాయి.

ఏ పేరు రాయాలంటే, పాస్‌పోర్టులో సర్‌నేమ్ దగ్గర ఏది ఉంటే అదే, అచ్చం అదే స్పెల్లింగుతో. మనలో కొందరికి అక్కడ ఇంటిపేరు ఉంటుంది, కొందరికి నాన్నగారి పేరు, కొందరికి ఖాళీ. ఖాళీ ఉన్నవాళ్లు మొత్తం పేరు రాసెయ్యండి, ఇనీషియల్‌తో సరిపెట్టకండి. భార్యాభర్తల సర్‌నేమ్‌లు వేరైతే రెండూ ఉండాలి. ఎవరి ఇంట్లోనైనా కొన్నాళ్లు ఉంటుంటే, అడ్రసులో మన ఊళ్లో రాసినట్టే కేరాఫ్ అని వాళ్ల పేరు పెట్టండి, ఇక్కడా అది చెల్లుతుంది. మీరు లేనప్పుడు పార్సిల్ వస్తే పక్కింట్లో ఇచ్చి, ఎవరికిచ్చారో చీటీ మీ డబ్బాలో వేస్తారు. తెచ్చుకోవడానికి వెళ్లినప్పుడు పేరు చెప్పి పరిచయం చేసుకోండి, మా మెట్ల మీద నాకు మొదటి స్నేహాలు అలాగే కుదిరాయి.

తర్వాతది అన్‌మెల్డుంగ్, అంటే ఫలానా ఇంట్లో ఉంటున్నానని ఊరి ఆఫీసులో నమోదు చేయించుకోవడం. ఇంట్లో దిగిన రెండు వారాల్లోపు చెయ్యాలని చట్టం. పెద్ద ఊళ్లలో టెర్మీన్, అదే అపాయింట్‌మెంట్, అంత తొందరగా దొరకదు కాబట్టి ఇల్లు ఖాయం కాగానే ఆన్‌లైన్లో వెతకడం మొదలుపెట్టండి, పొద్దున్నే చూస్తే ఎవరో వదులుకున్నవి కనబడుతుంటాయి. పాస్‌పోర్టుతో పాటు ఇంటి ఓనరు సంతకం చేసిన కాగితం ఒకటి కావాలి, వోనుంగ్స్‌గేబర్‌బెస్టేటిగుంగ్ అంటారు. అద్దె అగ్రిమెంటు దానికి బదులు పనికిరాదు. ఈ కాగితం ఇవ్వనన్న ఓనరు ఇంట్లో దిగకండి, అద్దె ఎంత తక్కువైనా సరే. ట్యాక్స్ నంబరు వచ్చేది ఈ నమోదు అయ్యాకే, అది ఆలస్యమైతే మొదటి జీతాల్లో పన్ను ఎక్కువ కోసే అవకాశం ఉంది. ఆ తర్వాత టీవీ, రేడియో చందా ఉత్తరం కూడా వస్తుంది, నెలకి 18.36 యూరోలు. ఇంట్లో టీవీ లేకపోయినా కట్టాలి, కానీ ఇంటికి ఒక్కటే, నలుగురు కలిసి ఉంటే పంచుకోవచ్చు.

ఇంక ఇల్లు. మన వంటకి, ఈ ఇళ్లకి పొత్తు కుదరాలంటే కిటికీల సంగతి నేర్చుకోవాలి. చలికాలం తలుపులన్నీ బిగించుకుని అన్నం, ఇడ్లీ వండి, తడిబట్టలు గదిలోనే ఆరేస్తే ఆ ఆవిరంతా ఎక్కడికి పోతుంది? పొద్దున లేచేసరికి కిటికీ అద్దం కింది అంచున నీటి బొట్లు వరసకట్టి ఉంటాయి, కొన్ని వారాలకి బీరువా వెనక గోడ మూల నల్లటి చుక్కలు మొదలవుతాయి. అది బూజు. ఖాళీ చేసేటప్పుడు డిపాజిట్ దగ్గర పేచీ వచ్చేది ఎక్కువగా దీనితోనే, ఆ డిపాజిట్ మూడు నెలల అద్దె దాకా ఉంటుంది మరి. రోజుకి రెండు మూడు సార్లు హీటర్ ఆపి, కిటికీలు బార్లా తెరిచి, ఐదు పది నిమిషాల్లో మళ్లీ మూసెయ్యండి. కిటికీ పైభాగం కొంచెం వంచి రోజంతా వదిలేయడం తప్పు, గోడ చల్లబడుతుంది తప్ప తేమ పోదు. బీరువాని బయటి గోడకి ఆనించకుండా నాలుగు వేళ్లు పట్టేంత సందు వదలండి. తాలింపు వేసేటప్పుడు వంటగది తలుపు మూసి కిటికీ తియ్యండి, పడకగదుల్లో పొగ అలారం ఉంటుంది, ఎండుమిర్చి ఘాటు మెట్ల వైపు వదిలితే పైవాళ్లందరికీ దగ్గే.

మిక్సీ రాత్రి 10 తర్వాత వద్దు, పొద్దున 6 దాకా నిశ్శబ్దం పాటించాలి. ఆదివారమంతా కూడా అంతే, గోడకి మేకు కొట్టడం, డ్రిల్లింగ్ అసలే వద్దు. అందుకే మా ఇంట్లో దోసెల పిండి శనివారం సాయంత్రమే రుబ్బేస్తాం. ఆదివారం సూపర్‌మార్కెట్లు కూడా మూసే ఉంటాయి, స్టేషన్లలోవి, పొద్దున కాసేపు బేకరీలు తప్ప. పాలు, పెరుగు శనివారమే తెచ్చిపెట్టుకోండి.

ఖాళీ సీసాలు పారెయ్యకండి. ప్లాస్టిక్ వాటర్ బాటిల్ కొన్నప్పుడు ఫాండ్ అని 25 సెంట్లు అదనంగా కట్టి ఉంటారు, సూపర్‌మార్కెట్లో మెషీన్‌లో వేస్తే చీటీ వస్తుంది, కౌంటర్లో ఇస్తే డబ్బు తిరిగొస్తుంది. సీసా నలపకండి, లేబుల్ చదవలేకపోతే మెషీన్ తీసుకోదు.

ఊళ్లు తిరగడానికి డాయిచ్‌లాండ్ టికెట్ తీసుకోండి. 2023 మేలో నెలకి 49 యూరోలతో మొదలైంది, 2026 జనవరి నుంచి 63. సిటీ బస్సులు, ట్రాములు, లోకల్, రీజనల్ రైళ్లు దేశమంతా ఎక్కొచ్చు, ఐసీఈ లాంటి ఎక్స్‌ప్రెస్‌లు మాత్రం కుదరవు. అది నెలనెలా దానంతటదే కొనసాగుతుంది, ఆపాలంటే నెల 10వ తేదీ లోపు చెప్పాలి. ఐసీఈకి విడిగా టికెట్ కొని, గమ్యం చేరేసరికి గంట ఆలస్యమైతే నాలుగో వంతు, రెండు గంటలైతే సగం డబ్బు వెనక్కి ఇస్తారు. అడిగితేనే ఇస్తారు కాబట్టి యాప్‌లో అప్లై చెయ్యడం మర్చిపోకండి.

టైము దగ్గర ఒక్కటి గట్టిగా గుర్తుపెట్టుకోండి. ఎవరైనా "హాల్ప్ ద్రై" (మాటకి మాట "సగం మూడు") అంటే మూడున్నర కాదు, రెండున్నర. మూడు వైపు సగం దూరం వచ్చిందని వాళ్ల లెక్క. డాక్టరు దగ్గర గానీ, ఇల్లు చూడ్డానికి గానీ ఫోన్లో టైము చెప్పినప్పుడు 24 గంటల లెక్కలో మళ్లీ అడగండి, "ఫీర్‌త్సేన్ ఊర్ ద్రైసిష్?" అని, అంటే 14:30, మధ్యాహ్నం రెండున్నరేనా అని. వాళ్లు "యా" అంటేనే రాసుకోండి.