గాల్వనైజింగ్ షెడ్డులో రిన్స్ నీళ్ల సంగతి

భీమవరం చుట్టుపక్కల ఏరేటర్ (చెరువు నీళ్లలో గాలి కలిపే యంత్రం) ఫ్రేములకు జింకు పూత వేసే షెడ్డయినా ఇంకెక్కడయినా, యాసిడ్‌లో ముంచి తీసిన సరుకును కడిగే రిన్స్ తొట్టి పీహెచ్ పడిపోగానే కాస్టిక్ సోడా పోసేయాలనిపిస్తుంది. పోయకండి. పీహెచ్ పెరుగుతుంది కానీ నీళ్లలోని ఇనుము ఎక్కడికీ పోదు, పచ్చటి బురదగా మారి సరుకుకే అంటుకుని ఫ్లక్స్‌లోకి (జింకు బాగా పట్టడానికి ముందు ముంచే ద్రావణం), అక్కణ్ణుంచి 450 డిగ్రీల కరిగిన జింకులోకి చేరుతుంది. అక్కడ కిలో ఇనుము దాదాపు 25 కిలోల జింకును డ్రాస్‌గా (ఇనుము, జింకు కలిసిన మడ్డి) అడుక్కి లాగేస్తుంది. ఆ జింకు డబ్బులు మీవే మరి!

అసలు మందు యాసిడ్ తొట్టి దగ్గరే ఉంది. సరుకును దాని మీదే ఏటవాలుగా వేలాడదీసి, ధార తెగి చుక్కలు పడేదాకా ఆగండి, పైపులైతే లోపల నిలిచింది కూడా దిగాలి. రిన్స్‌కు రెండు తొట్లు పెట్టండి: కొత్త నీళ్లు రెండోదాంట్లోకి, అది పొర్లితే మొదటిదాంట్లోకి. మొదటి తొట్టి నీళ్లు కొత్త యాసిడ్ పలచన చేయడానికి పనికొస్తాయి (నీళ్లలో యాసిడ్ పోయాలి, యాసిడ్‌లో నీళ్లు కాదు). పీహెచ్ పేపర్ ఒక్కటే చాలదు, ఐరన్ టెస్ట్ కూడా చేయండి.

వాడేసిన రిన్స్ నీళ్లు కాలవలోకి మాత్రం వదలొద్దు, దిగువ చెరువులకు తోడుకునేవి ఆ కాలవ నీళ్లే. సున్నం కలిపి, గాలి కొట్టి, తుప్పురంగు బురద అడుక్కి దిగాక తేట నీళ్ల పీహెచ్ 5.5, 9 మధ్య ఉందో లేదో చూడండి. బురదను ప్రమాదకర వ్యర్థంగానే పంపాలి.