పాత్ర మనసులో రెండు న్యాయాలు

కథలోని పాత్ర మంచికీ చెడుకీ మధ్య ఊగిసలాడుతుంటే, ఎటు తేలుతుందో పాఠకుడికి రెండో పేరాలోనే తెలిసిపోతుంది. అంతస్సంఘర్షణ నమ్మదగినదిగా ఉండాలంటే పాత్ర కోరే రెండూ ఆ పాత్ర దృష్టిలో న్యాయమైనవే కావాలి. ఒకటి దక్కించుకుంటే రెండోది చేజారాలి.

పిత్రార్జితమైన పొలంలో తన హక్కు వదులుకుంటూ సంతకం పెట్టమని తమ్ముడు అడిగిన పద్మను తీసుకుందాం. కథాకాలం 2013. ముందుగా ఆమె రెండు వాదాలనూ ఆమె మాటల్లోనే రాసుకోవాలి. నాన్న మంచాన పడ్డ ఆరేళ్లూ చూసుకున్నది తమ్ముడూ మరదలే, ఇప్పుడు వాటా అడగడానికి నోరెలా వస్తుంది? అయితే కూతురి ఇంజనీరింగ్ చదువుకు తెచ్చిన అప్పు వడ్డీతో పెరుగుతోంది, చట్టం ఇచ్చినదాన్ని మొహమాటానికి ఎందుకు వదులుకోవాలి? ఇక్కడ తమ్ముణ్ణి దురాశాపరుడిగా చిత్రిస్తే సంఘర్షణ కరిగిపోయి ఆస్తి తగాదా మాత్రమే మిగులుతుంది. రచయితలు ఎక్కువగా జారిపడే చోటు ఇదే అని నా అభిప్రాయం.

ఆ ఊగిసలాటకు ఆధారం బయటి ప్రపంచంలో ఉండాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1986లో వచ్చిన సవరణ చట్టం హిందూ ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో కూతుళ్లకు సమాన హక్కు ఇచ్చింది కాని, 1985 సెప్టెంబరు 5కు ముందే పెళ్లయినవారికి అది వర్తించలేదు. 2005 నాటి కేంద్ర సవరణ ఆ తేడాను తొలగించింది. పద్మ పెళ్లి 1983లో జరిగిందనుకుంటే, ఇరవై రెండేళ్లపాటు తనది కాదనుకున్న పొలం ఒక్కసారిగా తనది కూడా అయింది. పెళ్లి ఏడాది మార్చితే ఆమె సంకోచం స్వభావమే మారిపోతుంది కనుక, ఇలాంటి వివరాలను రాయడానికి ముందే తేల్చుకోవాలి.

మనసులోని మాటలను పేజీల కొద్దీ నడపనక్కరలేదు. రెండు కోరికలూ ఒకే రోజు పనుల్లో కనిపిస్తే చాలు: పొద్దున తమ్ముడి ఇంటికి ఆవకాయ జాడీ సర్దిన మనిషే, సాయంత్రం అక్కడ పాసుపుస్తకంలోని సర్వే నంబరును ఎవరూ చూడకుండా రాసుకుంటుంది. ఈ రెంటి మధ్య వ్యాఖ్యానం పెట్టకూడదు.

నిర్ణయం జరిగాక మనశ్శాంతి ప్రసాదించడం మరో తొందరపాటు. సంతకం పెట్టిన పద్మ, సంక్రాంతికి తమ్ముడు తెచ్చిన చీర ఖరీదును మనసులో లెక్కగట్టవచ్చు. పెట్టకపోతే, ఊళ్లో పెళ్లికి తనకు పిలుపు వస్తుందో రాదోనని ఎదురుచూడవచ్చు.

రాత పూర్తయ్యాక ముగింపు తీసేసి ఇద్దరికి చదివించి, పద్మ ఏం చేయాలని అడగండి. ఇద్దరూ తడుముకోకుండా ఒకే జవాబు చెబితే, ఓడిన పక్షానికి మీరిచ్చిన కారణాలు చాలలేదని అర్థం. మళ్లీ రాయవలసింది ఆ పక్షాన్నే.