కన్‌ఫోకల్‌లో బొమ్మ సరిగ్గా రావట్లేదా? సమస్య - పరిష్కారం

కన్‌ఫోకల్ అంటే లేజర్‌తో నమూనాను పొరలు పొరలుగా బొమ్మ తీసే మైక్రోస్కోపు. బొమ్మ మసకగా రాగానే చెయ్యి లేజర్ పవర్ మీదికే పోతుంది. అది చివరి మందు. పెంచినకొద్దీ నమూనాకు వేసిన మెరిసే రంగు కాలిపోతుంది (బ్లీచింగ్), అసలు లోపం మాత్రం స్లైడ్‌లోనే ఉండిపోతుంది.

సమస్య: స్క్రీన్ మీద చీకటి తప్ప ఏమీ లేదు

ముందు ఐపీస్‌లోంచి చూడండి. అక్కడ కణాలు మెరుస్తుంటే స్టెయినింగ్ (రంగు వేయడం) బాగున్నట్టే. లేజర్ ఆన్‌లో ఉందా, సరైన ఛానల్ (ఆ రంగు వెలుగును పట్టేది) ఎంచుకున్నారా అని చూసుకోండి. అయితే 640 నానోమీటర్ల లేజర్‌తో తీసే ఫార్-రెడ్ రంగులు కంటికి ఆనవు, అవి కనబడలేదని స్లైడ్ పారేయకండి.

ఫోకసే దొరక్కపోతే స్లైడ్ తిరగబడిందేమో. ఇన్వర్టెడ్ మైక్రోస్కోపులో (లెన్స్ కిందినుంచి చూసేది) కవర్‌స్లిప్, అంటే నమూనా మీది పల్చటి గాజు, కిందివైపు ఉండాలి. స్లైడ్ గాజు మందం దాదాపు 1 మి.మీ., 63ఎక్స్ ఆయిల్ లెన్స్ ముందు ఫోకస్‌కు దొరికే దూరం మామూలుగా 0.2 మి.మీ. లోపే. అలాగే పైకి తిప్పుకుంటూ పోతే లెన్స్ గాజుకు గుద్దుకుంటుంది.

సమస్య: పై పొరలు బాగున్నాయి, లోతుకు వెళ్లేకొద్దీ మసక

ఎక్కువమంది టిష్యూ మందంగా ఉందని సర్దుకుపోయేది ఇక్కడే. టిష్యూ వెలుగును చెదరగొట్టే మాట నిజమే కానీ, చాలాసార్లు దోషం వక్రీభవన గుణకాల (వెలుగును ఎంత వంచుతుందో చెప్పే సంఖ్యల) తేడాది. ఇమ్మర్షన్ ఆయిల్‌ది 1.518, నీటిది 1.33. పీబీఎస్‌లో (నీటిలాంటి ఉప్పు ద్రావణం) మౌంట్ చేసిన నమూనాను ఆయిల్ లెన్స్‌తో చూస్తే, లోతు పెరిగేకొద్దీ కిరణాలు ఒకే బిందువు దగ్గర కలవవు. చెదిరిన వెలుగును పిన్‌హోల్ (డిటెక్టర్ ముందుండే సన్న రంధ్రం) ఆపేస్తుంది, అందుకే మసకతో పాటు చీకటీ కమ్ముతుంది.

కొలతలూ తప్పుతాయి. స్టేజి 50 మైక్రాన్లు కదిలితే ఫోకస్ నిజంగా కదిలేది 44 మైక్రాన్ల దరిదాపు, ఎన్.ఏ. (లెన్స్ వెలుగును ఎంత వెడల్పు కోణంలో పడుతుందో చెప్పే కొలత) ఎక్కువున్న లెన్స్‌లో ఇంకా తక్కువ. జెడ్-స్టాక్‌ను (లోతు వారీగా తీసిన పొరల కట్టను) పక్కనుంచి చూస్తే గుండ్రటి పూస నిలబెట్టిన కోడిగుడ్డులా సాగి ఉంటుంది. అలా బాగా సాగితే ముందు ఈ తేడానే అనుమానించండి.

ఫిక్స్ చేసిన (రసాయనంతో స్థిరపరిచిన) నమూనా అయితే పీబీఎస్ వదిలి, గుణకం 1.47కో అంతకంటే పైకో చేరే మౌంటింగ్ మీడియం వాడండి. గట్టిపడే రకమైతే రాత్రంతా చీకట్లో ఆరనివ్వాలి. తడిగా ఉండగా చూస్తే దాని గుణకం ఇంకా తక్కువగానే ఉంటుంది. బతికున్న కణాలకు వాటర్ లెన్స్ మేలు. దానికి కరెక్షన్ కాలర్ (గాజు మందం తేడాను సరిచేసే రింగు) ఉంటే ఒక చుక్కను ఫోకస్‌లో పెట్టి, అది బాగా మెరిసేదాకా కొద్దికొద్దిగా తిప్పండి. కవర్‌స్లిప్ డబ్బా మీద 1.5 నంబరు ఉందా? చాలా ఆబ్జెక్టివ్ లెన్స్‌లను 0.17 మి.మీ. గాజుకు లెక్కగట్టే చేస్తారు.

పై పొర కూడా మసకగానే ఉంటే ఇదంతా వద్దు. డ్రై లెన్స్‌కు ఎవరో ఆయిల్ అంటించి వెళ్లారేమో, లెన్స్ పేపర్‌తో తుడిచి చూడండి.

సమస్య: ఒక రంగు ఇంకో ఛానల్‌లోకి దిగుతోంది

డిటెక్టర్లు అలాగే ఉంచి లేజర్లను ఒక్కొక్కటే ఆపండి. 405 ఆపగానే ఆకుపచ్చ ఛానల్‌లో న్యూక్లియస్‌లు మాయమైతే, అది డాపి (న్యూక్లియస్‌లకు వేసే నీలి రంగు) వెలుగు తోక. సీక్వెన్షియల్ స్కాన్ (లేజర్లను ఒకదాని తర్వాత ఒకటి నడిపేది) పెట్టండి. రెండు రంగులూ ఒకేచోట ఉన్నాయని రాసేముందు ఒక్క రంగే వేసిన స్లైడ్‌ను అదే సెట్టింగ్స్‌తో తీయడం తప్పనిసరి. ఏ రంగూ వేయని స్లైడ్ కూడా మెరిస్తే అది సహజ వెలుగు: ఆకుల్లో క్లోరోఫిల్ ఎరుపులో వెలుగుతుంది, గ్లుటరాల్డిహైడ్‌తో ఫిక్స్ చేసినవి దాదాపు ప్రతి ఛానల్‌లోనూ వెలుగుతాయి.

సమస్య: బొమ్మ నిండా చుక్కలు

గెయిన్ (డిటెక్టర్ సిగ్నల్‌ను పెంచే సెట్టింగ్) హద్దుమీరింది. దాన్ని తగ్గించి, పిన్‌హోల్ 1 ఎయిరీ యూనిట్ (పిన్‌హోల్ సైజుకు వాడే కొలత) దగ్గర పెట్టి, స్కాన్ వేగం తగ్గించండి. నాలుగు ఫ్రేములు సగటు తీస్తే నాయిస్ సగమవుతుంది. బ్లీచింగ్ నాలుగింతలు, అది మాత్రం మర్చిపోవద్దు.

సమస్య: టైమ్-లాప్స్‌లో (చాలాసేపు వరుసగా బొమ్మలు తీసేటప్పుడు) ఫోకస్ జారిపోతోంది

ఏసీ గాలి నేరుగా స్టేజి మీద పడుతోందేమో చూడండి. ఇంక్యుబేటర్ 37 డిగ్రీలకు చేరగానే మొదలుపెట్టకండి; లెన్స్, స్టేజి కూడా వేడెక్కి కుదురుకోవాలి. ముందురోజు రాత్రే ఆన్ చేసి పెడితే మంచిది.