ఒంట్లో ఓపిక, మూడో పాఠం: బోరు గ్యాప్ ఇవ్వకముందే ఆపడం

పోయిన పాఠంలో గంట గంటకూ ఓపిక ఎంత ఉందో నోటుబుక్కులో పదికి మార్కులు వేసుకోమన్నాను. వారం రాసినవాళ్లలో చాలామందికి ఒక సంగతి కనిపించి ఉంటుంది. బాగానే ఉన్నాం అనుకుంటూ ఉండగానే ఎనిమిది కాస్తా మూడుకు పడిపోతుంది.

మన అనంతపురం రైతుకు ఇది తెలిసిన విషయమే. బోరు గ్యాప్ ఇస్తూ నీళ్లతో పాటు గాలి ఎగజిమ్మితే మోటారు ఆపేస్తాడు. నీళ్లు ఊరాక మళ్లీ వేస్తాడు. బోరులో మునిగి ఉండే మోటారును చల్లగా ఉంచేది ఆ నీళ్లే. ఇంకొక్క మడి తడుస్తుందిలే అని మొండిగా నడిపితే వైండింగ్ కాలిపోతుంది. మోటారు పైకి తీసి, బాగుచేయించి, దింపేసరికి చెనక్కాయ పైరు వాడిపోతుంది.

మా వదిన ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. పెళ్లిళ్ల కాలంలో తిండి కూడా మిషన్ పక్కనే. ఎప్పుడు పిలిచినా "ఈ ఒక్కటి అయిపోతే లేస్తాలే" అనేది. రాత్రికి నడుము పట్టేసేది, మర్నాడు సగం రోజు మంచం మీదే. నోటుబుక్కు రాశాక తేలిందేమంటే, గంట దాటితే కుట్టు వంకర పోతోంది, విప్పి మళ్లీ కుడుతోంది. ఇప్పుడు 40 నిమిషాలకే ఫోన్లో అలారం పెట్టుకుంటుంది.

ఆ లెక్క నేను వాడేది: తడబాటు మొదలయ్యే సమయంలో మూడింట రెండు వంతులకే ఆపాలి. అరగంటకే అలసిపోయేవాళ్లు 20 నిమిషాలకు ఆపండి, అందులో చిన్నతనం లేదు. అలారం మోగాక పని సగంలో ఉన్నా లేవాలి. కష్టమంతా ఇక్కడే, మొదట్లో పని వదలబుద్ధి కాదు. సూది గుడ్డలోకి దించి లేవమని వదినకు చెప్పాను. తిరిగొచ్చాక ఎక్కడ ఆపిందో వెతుక్కునే పని లేదు. లేచాక పది నిమిషాలు ఫోన్ ముట్టకుండా, చాప మీద కళ్లు మూసుకుని పడుకుంటే చాలు.

మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడు దాకా మగతగా ఉండటం శరీర గడియారం తీరు. అన్నం తినకపోయినా వస్తుంది. 40 డిగ్రీలు దాటే మన ఎండల్లో మరీ ఎక్కువ. లెక్కలు, కొత్త పనులు ఆ వేళకు పెట్టుకోకండి. కునుకు తీస్తే 20 నిమిషాలే. ఎక్కువైతే గాఢనిద్రలోంచి లేచి తల దిమ్ముగా ఉంటుంది.

టీతో నెట్టుకొద్దాం అనుకోకండి. అలసటను తెలిపే అడినోసిన్ అనే రసాయనం పనిని టీలోని కెఫీన్ మెదడులో అడ్డుకుంటుంది, అంతే. అలసట లోపల అలాగే ఉంటుంది. సుమారు అయిదు గంటల తర్వాత కూడా తాగిన కెఫీన్లో సగం ఒంట్లోనే ఉంటుంది కనుక, సాయంత్రం నాలుగు తర్వాత టీ మానేయండి.

ఎంత విశ్రాంతి తీసుకున్నా వారాల తరబడి నీరసం తగ్గకపోతే ఈ పాఠాలతో సరిపెట్టుకోవద్దు. డాక్టరుకు చూపించి హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షల గురించి అడగండి.

ఈ వారం ఒక్క పనికే అలారం పెట్టండి. మోగగానే లేచిన రోజులకు టిక్కు, లేవని రోజులకు కారణం రాయండి. నాలుగో పాఠం రాత్రి నిద్ర గురించి, దానికి ఈ పేజీ కావాలి.