మందు కొట్టే ముందు: ముక్కుకి గుడ్డ కడితే సరిపోదు

పత్తి, మిరప వేసిన ఊళ్లలో ఇక కొన్ని నెలలు పంపు భుజం దిగదు. 2021లో నల్ల తామర పురుగు మిరప తోటల మీద పడ్డప్పుడైతే ఎన్ని మందులు మార్చి మార్చి కొట్టారో లెక్కే లేదు. మందు కొట్టి కళ్లు తిరిగి పడిపోయిన మనిషి గురించి ఊరంతా మాట్లాడుకుంటుంది. పడిపోకుండా సీజనంతా కొంచెం కొంచెంగా ఒంట్లోకి తీసుకున్నవాళ్ల సంగతి ఎవరూ అడగరు. ఈ జాగ్రత్తలు ముఖ్యంగా వాళ్ల కోసం.

ప్రొఫెనోఫాస్, క్లోరోపైరిఫాస్ లాంటి మందులు నరాల్లో కోలినెస్టరేజ్ అనే ఎంజైమును పనిచేయనివ్వవు. పురుగు చచ్చేది అందుకే. మన తెల్ల రక్తకణాలకు కూడా ఆ ఎంజైముతో సంబంధం ఉంది. వైరస్ పట్టిన కణాలను చంపే రక్షక కణాలు ఈ రకం మందుల వల్ల బలహీనపడతాయని ప్రయోగశాల పరీక్షల్లో తేలింది. అలాగని సీజన్లో వచ్చిన ప్రతి జ్వరానికీ మందే కారణమని చెప్పలేం. తెగుళ్లకు కొట్టే మాంకోజెబ్ దారి ఇంకొకటి. అది కొందరిలో రోగనిరోధక వ్యవస్థను రెచ్చగొట్టి అలర్జీ తెస్తుంది. ఒకసారి ఆ అలర్జీ పట్టుకుందంటే తర్వాత కాస్త తగిలినా దద్దుర్లు, దురద. అది వేడి చేసి వచ్చింది కాదు.

మనవాళ్లు ముక్కుకి తువ్వాలు చుట్టుకుని ధైర్యంగా చేలోకి దిగుతారు. నా లెక్కలో అది ఉత్త భ్రమ. మందు తుంపర్లకు తడిసిన తువ్వాలు ఆ మందునే గంటల తరబడి మూతికి అంటించి ఉంచుతుంది. పైగా పంపు కొట్టేవాళ్ల ఒంట్లోకి మందు ఎక్కువగా వెళ్లేది చర్మం గుండానే. అందులోనూ అన్నిచోట్లా ఒకేలా పీల్చదు. పారాథియాన్ అనే పురుగుమందుతో చేసిన పాత పరీక్షలో ముంజేతి కన్నా వృషణాల చర్మం దాదాపు 12 రెట్లు ఎక్కువ పీల్చుకుంది. వీపు మీద ట్యాంకు మూత దగ్గర కారి, నడుము మీదుగా లుంగీ తడిసిందంటే మందు చేరేది సరిగ్గా అక్కడికే. కాబట్టి ముందు రోజే ట్యాంకులో మంచినీళ్లు పోసి వాషరు, పైపు, నాజిల్ కారుతున్నాయేమో చూసుకోండి. కారితే ఆ పంపు వాడొద్దు. నిండు చేతుల చొక్కా, ప్యాంటు, రబ్బరు గ్లౌజులు, బూట్లు, కళ్లద్దాలు, మందు ఆవిరిని ఆపే ఫిల్టరున్న మాస్కు కావాలి. ఎండలో ఇవన్నీ కష్టమే. అందుకే పొద్దున్నే, గాలి లేనప్పుడు మొదలుపెట్టి త్వరగా ముగించండి.

చేను తలెత్తు పెరిగితే మరీ జాగ్రత్త. 2017లో ఆదిలాబాద్ పక్కనే ఉన్న మహారాష్ట్రలోని యవత్‌మాల్‌లో పత్తికి మందు కొడుతూ 20 మందికి పైగా చనిపోయారు. ఆ ఏడు పత్తి మనిషిని మించి పెరగడం, రెండు మూడు మందులు కలిపి కొట్టడం అక్కడ కొంపముంచాయి. "ఇది కూడా ఒక మూత కలుపు" అని షాపులో చెప్పినా వినకండి.

నాజిల్ మూసుకుపోతే నోటితో ఊదొద్దు. మధ్యలో బీడీ, గుట్కా వద్దు. మందు కలిపే పని, నీళ్లు మోసే పని ఎక్కువగా ఆడవాళ్లే చేస్తారు, గ్లౌజులు మాత్రం వాళ్లకి ఎవరూ ఇవ్వరు. గర్భిణులను, పిల్లలను చేను దరిదాపులకు రానివ్వొద్దు. కొట్టిన మర్నాడే కూలీలను కలుపుకి దింపకండి, లేబుల్ మీద రాసిన గడువు చూడండి. ఇంటికొచ్చాక పిల్లల్ని ఎత్తుకోక ముందే సబ్బుతో స్నానం చేయండి. బట్టలు విడిగా ఉతకాలి, ఉతికేవాళ్లూ గ్లౌజులు వేసుకోవాలి.

ఏటా కొట్టేవాళ్లు, ముఖ్యంగా కూలికి కొట్టేవాళ్లు, సీజన్‌కి ముందు ఒకసారి, మధ్యలో ఒకసారి కోలినెస్టరేజ్ రక్తపరీక్ష గురించి డాక్టర్ని అడగండి. మొదటి రిపోర్టు ఉంటేనే రెండోదాంట్లో ఆ ఎంజైము ఎంత తగ్గిందో తెలుస్తుంది.

చూపు మసకబారినా, చొల్లు కారినా, విపరీతంగా చెమట పట్టినా, ఊపిరి ఆడకపోయినా వెంటనే పని ఆపి, బట్టలు విప్పి, ఒళ్లు సబ్బుతో కడిగి 108కి ఫోన్ చేయండి. పాలు తాగించొద్దు, ఉప్పునీళ్లతో కక్కించొద్దు. డబ్బానో, లేబుల్ ఫోటోనో వెంట తీసుకెళ్లండి. డాక్టరుకి కావాల్సింది కంపెనీ పెట్టిన పేరు కాదు, కింద చిన్న అక్షరాల్లో ఉండే టెక్నికల్ పేరు.